బాలింతల మనోవ్యథ - కొంత చరిత్ర



ఈ సాయంకాలము నేను ప్రస్తావింపనున్నది పురిటియింటి మాట. బిడ్డ పుట్టిన యింట ఆనందము తప్ప వేఱొక మాట పలుకుట అశుభమని మనవారి తలంపు. ఆ తలంపువలననే ఈ విషయము తరతరములుగ తలుపుల చాటున ఉండిపోయినది. కానుపు సుఖముగ జరిగినది. బిడ్డ పుష్టిగ నున్నది. చూడవచ్చిన ముత్తైదువలు పసుపుకుంకుమలు పుచ్చుకొని మరలిపోయిరి. కాని తల్లి మాత్రము గోడవైపునకు తిరిగి పరుండి, తాను బ్రతికి ప్రయోజనము లేదని తనలో తాననుకొనుచున్నది. ఇట్టి తల్లులు అన్ని దేశములందును, అన్ని కాలములందును ఉండిరి. లోకము వారిని ఎట్లు చూచినది, వారి మాట వినుటకు ఎంతకాలము పట్టినది, అనునదే నేటి ప్రసంగము.

నా చిన్నతనమున మా యింటికి రెండిండ్ల అవతల ఒక చిన్నది తొలికాన్పునకు పుట్టింటికి వచ్చెను. ఆడపిల్ల పుట్టెను. మూడవ వారము నుండి ఆమె మాటలాడుట మానివేసెను. పాలు త్రాగు బిడ్డవంక చూచి చూడనట్లుండెడిది. కొందఱు బద్ధకమనిరి, కొందఱు బాలింత గుణమనిరి, కొందఱు గాలి సోకినదనిరి. తాయెత్తు కట్టిరి. వేపమండలు తెచ్చిరి. నెల తిరుగకుండనే ఆమె తన ప్రాణము తానే తీసికొన్నదని వాడవాడంత గుసగుసలు పోయిరి. మా నాయనమ్మ చాలకాలము తరువాత ఒకనాడు విస్తళ్ళు కుట్టుచు, ఎవరితోనో అనినట్లు, "ఆ పిల్లను పక్కన కూర్చుండబెట్టుకొని నీ మనసులో ఏమున్నదే అమ్మా అని మాలో ఒక్కరమును అడుగలేదు" అనెను. ఆ మాట నాకు నేటికిని చెవులలో నున్నది.

బాలింత మనస్సు చెడుట వైద్యులకు క్రొత్త సంగతి కాదు. మన కాశ్యపసంహితలో సూతికారోగములకు ప్రత్యేకముగ ఒక అధ్యాయమే కలదు. గ్రీసు దేశపు హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో, సిజికసు పట్టణమున కవల ఆడపిల్లలను కన్న యొక స్త్రీ కథ యున్నది. ప్రసవము కష్టమయ్యెను, జ్వరము తగిలెను, నిద్ర పోయెను. ఆమె మాటలాడక, ముఖము ముడుచుకొని, ఎవరి మాటయు వినకుండెననియు, తరువాత మతిభ్రమ కలిగి పదునేడవ దినమున మరణించెననియు ఆ వైద్యుడు వ్రాసియుంచెను. అది పురిటి జ్వరము వలన కలిగిన సన్నిపాతమై యుండవచ్చును. ఐనను జ్వరముతోపాటు ఆమె మౌనమును గూడ లక్షణముగ గుర్తించినాడు గనుక ఆ వైద్యుని నేను మెచ్చుకొందును.

ఇక వైద్యుని నోట గాక, జబ్బుపడిన తల్లి నోటనే వెలువడిన కథ యొకటి చెప్పెదను. ఇది ఆంగ్లదేశపుది. ఆ దేశపు తూర్పుతీరమున లిన్ అను రేవుపట్టణము కలదు. అచ్చటి నగరాధ్యక్షుని కుమార్తె మార్జరీ కెంప్. ఇరువది యేండ్లు దాటిన పిదప పెండ్లియాడి, సుమారు 1393 ప్రాంతమున తొలిబిడ్డను కనెను. గర్భము నాడే వేవిళ్ళతో మిక్కిలి బాధపడినది. కానుపు కష్టమయ్యెను. తాను బ్రతుకనని తలంచి, మనస్సున ఎన్నాళ్ళనుండియో దాచుకొన్న యొక తప్పును మతగురువుతో చెప్పుకొని తేలికపడవలెనని ఆయనను పిలిపించెను. ఆమె మాట పూర్తిగాక మునుపే ఆ గురువు కఠినముగ గద్దించెను. ఆమె నోరు మూతపడినది. ఆనాటి నుండి ఆమెకు మతి తప్పినది.

అర్ధసంవత్సరమును, ఆ పైన ఎనిమిది వారములును, మఱికొన్ని దినములును అట్లే గడచెనని ఆమె లెక్కగట్టి చెప్పినది. అంత కచ్చితముగ లెక్కపెట్టుకొన్నదనగా, ఆ దినములు ఆమెకెంత దీర్ఘముగ తోచెనో పెద్దలు ఊహింపగలరు. నోట మంటలు క్రక్కు పిశాచములు తన్ను చుట్టుముట్టి, దైవమును, బంధువులను విడిచిపెట్టుమని పురికొల్పుచున్నట్లు కనబడెనట. భర్తను, స్నేహితులను, తన్ను తానును నిందించుకొనెను. ప్రాణము తీసికొనవలెనని పలుమారులు తలపెట్టెను. తన చేతిని తానే కొఱికికొనగా ఆ మచ్చ కడపటి వఱకును నిలిచెను. ఇంటివారు భయపడి ఆమెను రేయింబవళ్ళు కట్టివేసి కాపలా యుంచిరి.

తరువాత ఒకనాడు, కాపలావారు దగ్గఱ లేని సమయమున, ఊదారంగు పట్టువస్త్రము ధరించిన క్రీస్తు తన మంచము మీద కూర్చుండి, తన్ను విడువలేదని పలికినట్లు ఆమెకు దర్శనమయ్యెను. అంతట మతి కుదుటపడెను. ఆ దర్శనమును గూర్చి ఎవరి నమ్మకము వారిది. చరిత్రకారునిగ నా కన్ను దాని తరువాతి చిన్న సంఘటనపై నిలిచినది. ఆమె మొదట అడిగిన దేమనగా, ఇంటి సామానుగది తాళపుచెవులు. జబ్బుకు మునుపు వలెనే తనకు కావలసిన అన్నపానములు తానే తీసికొందునని. దాసీలును, కాపలావారును ఇయ్యవద్దనిరి. ఇచ్చినచో దొరికినదెల్ల పంచిపెట్టునని వారి వాదము. కాని భర్త, ఎల్లప్పుడును ఆమెయందు జాలి గలవాడగుటచే, తాళపుచెవులు ఆమె కిండని ఆజ్ఞాపించెను. ఆమె లేచి తినెను, త్రాగెను, తనవారిని గుర్తుపట్టెను.

తాళపుచెవులు చేతికిచ్చుట యనగా ఏమో మన యిండ్లలో ఎవరికిని చెప్పనక్కఱలేదు. అత్తగారి నడుమునుండి కోడలి నడుమునకు అవి మారుట ఎంత గొప్ప సంగతియో మనకు తెలియును. ఆ భర్త వైద్యము నెఱుగడు. జబ్బుపడిన మనిషి మరల ఇంటి మనిషియే యని మాత్రము ఎఱుగును.

అటుపిమ్మట నాలుగు వందల యేండ్లకు గాని వైద్యశాస్త్రము ఈ జబ్బును తీరికగ పరిశీలింపలేదు. ఫ్రాన్సు దేశమున ఎస్క్విరోల్ అను వైద్యుడు, ఆసుపత్రులకు వచ్చు బాలింతలకంటె ఇండ్లలోనే దాగియుండి, కొంచెము తక్కువ తీవ్రతతో బాధపడువారు మిక్కిలి ఎక్కువయని చెప్పెను. అతని మార్గముననే లూయీ విక్టర్ మార్సే అను యువకుడు నడచెను. అప్పటికి వయస్సు ముప్పది. 1858లో అతడు గర్భిణులకును, బాలింతలకును, పాలిచ్చు తల్లులకును కలుగు మనోవ్యాధులను గూర్చి 300కు పైగా తల్లుల వృత్తాంతములు కూర్చి గ్రంథము ప్రకటించెను. ఈ విషయముపై అట్టి సమగ్ర గ్రంథము అదే మొదటిది. ఆరేండ్లకే, 1864లో, ఆ వైద్యుడును కాలము చేసెను. నూఱేండ్ల పైచిలుకు ఆ గ్రంథము ధూళిలో పడియుండి, 1980లో స్థాపింపబడిన అంతర్జాతీయ వైద్యసంఘము అతని పేరు పెట్టుకొన్న తరువాత మరల వెలుగుచూచినది.

న్యాయస్థానముల విషయము కొంచెమే చెప్పెదను, వినుటకు కష్టమైన ఘట్టము. మతి చెడిన తల్లి చేతిలో బిడ్డ చనిపోవుట మిక్కిలి అరుదు, కాని జరుగకపోలేదు. ఆంగ్లదేశపు చట్టము అట్టి తల్లికి ఉరిశిక్ష విధించెడిది. జూరీలో కూర్చుండు సామాన్యులు, వర్తకులు, రైతులు, ఆమెను చూచి ఉరి వేయుటకు మనసొప్పక ఏదో ఒక త్రోవ వెదకి తప్పించుచుండిరి. శిక్ష వ్రాసియుండుట, అమలుకాకుండుట, ఈ వింత ఎన్నో యేండ్లు సాగినది. కడకు 1922లో పార్లమెంటు చట్టము మార్చి, ప్రసవము వలన మనస్సు తారుమారైన తల్లి నేరమును హత్యగా నెంచరాదనెను. అది అప్పుడే పుట్టిన శిశువుల విషయమునకే వర్తించినది. 1938లో బిడ్డకు ఏడాది నిండు వఱకును విస్తరింపజేసిరి. మన దేశపు 1860 నాటి శిక్షాస్మృతిలో అట్టి ప్రత్యేక నిబంధన చేర్చనే లేదు.

ఆసుపత్రులు చేసిన పని యేమి? బాలింతను చేర్చుకొని, బిడ్డను వేఱుచేసి పంపివేయుటయే చిరకాలము ఆచారము. పాలు కట్టిన రొమ్ములతో తల్లి యొక చోట, పాలకై ఏడ్చు బిడ్డ యొక చోట. 1948లో లండను సమీపమున కాసెల్ ఆసుపత్రి వైద్యుడు టామ్ మెయిన్, చిన్నబిడ్డను విడిచి రాజాలని యొక తల్లిని బిడ్డతో గూడ చేర్చుకొనెను. అదియే వాడుకయై తల్లీబిడ్డల వార్డు లేర్పడెను.

మన దేశమున దీనికి సాటియగు కథ వేఱొక త్రోవను నడచినది. అమృతసరమున మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ అను వైద్యుడు 1950ల నాటికే పడకలు చాలక ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు కుటుంబమును గూడ ఉండనిచ్చెను. కుటుంబము వచ్చిన రోగులు త్వరగ కోలుకొని ఇంటికి చేరిరి. 1957లో నెలకొన్న వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాల మానసిక కేంద్రమును ఇదే పద్ధతి నవలంబించెను. చిత్తూరు, నెల్లూరు ప్రాంతములనుండి వెల్లూరికి పోయివచ్చినవారు మీలోనే ఎందఱో యుందురు. దొరలు శాస్త్రముగ కనుగొన్నదానిని మనవారు పడకల కొఱతవలన కనుగొనిరి. రోగి వెంట పదిమంది వచ్చు మన అలవాటు ఆసుపత్రి నౌకరులకు విసుగు పుట్టించును గాని, ఇక్కడ మాత్రము అదే మందైనది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో 2009లో తల్లీబిడ్డలకు ప్రత్యేకమగు వార్డు తెఱవబడెను.

ఇంతవఱకు చెప్పినది ఉన్మాదము, అనగా అందఱికిని కంటబడు జబ్బు. వేయిమంది బాలింతలలో ఒకరికో ఇద్దఱికో, సాధారణముగ మొదటి రెండు వారములలో వచ్చును. నిద్ర పోవును, మాట తప్పును, లేనిది వినబడును. అది గడియలలో ముదురును గనుక ఆ దినమే ఆసుపత్రికి తీసికొనిపోవలసిన జబ్బు. దీనికి పూర్తిగ వ్యతిరేకమైనది మూడవ నాల్గవ దినమున వచ్చు కంటతడి. అకారణముగ ఏడుపు వచ్చుట, మరుక్షణము నవ్వుట. సగముమందికి పైగా తల్లులకు ఇది కలుగును, పదునాల్గు దినములలో తానే పోవును. ఈ రెంటి నడుమ నున్నది కుంగుబాటు. నెలలు పట్టును, చప్పుడు చేయదు, ఇంటివారి కంటబడదు. మా రెండిండ్ల అవతలి చిన్నదానిది ఇదియే యని నేడు నేననుకొందును.

1968లో బ్రైస్ పిట్ అను లండను వైద్యుడు 305 మంది సాధారణ తల్లులను పరీక్షింపగా, నూటికి సుమారు పదునొకండుగురు కుంగుబాటుతో నుండిరి. వారు ఆసుపత్రిలో చేరినవారు కారు. వంట చేయుచు, బిడ్డకు పాలిచ్చుచు తిరుగుచున్న తల్లులు. వారిని అంతకుమునుపు అడిగినవారు లేరు.

అడుగుట యెట్లు అను ప్రశ్నకు సమాధానము చెప్పినవారిలో జాన్ కాక్స్ అను వైద్యుడు ముఖ్యుడు. అతడు 1970లలో ఆఫ్రికాలోని ఉగాండా దేశమున పనిచేసెను. అచ్చటి పల్లెలవారు బాలింతకు వచ్చు మతిభ్రమను "అమాకిరో" అని పిలిచెదరు. గర్భము నాడు జరిగిన వ్యభిచార దోషమే దానికి మూలమని వారి నమ్మకము. పేరు పెట్టుటలో వారు మనవలెనే సమర్థులు. నింద వేయుటలోను మనవలెనే. రోగము తల్లిది, తప్పును తల్లిదే! కాక్స్ స్వదేశమునకు వచ్చి, జెనీ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీ అను ఇద్దఱితో గూడి, 1987లో ఎడింబరో పట్టిక యను పది ప్రశ్నల కాగితమును ప్రకటించెను. గడచిన ఏడు దినములలో నవ్వు వచ్చినదా, మునుపటివలె దేనికైన ఎదురుచూచితివా, నిద్రపట్టని దుఃఖమున్నదా, ఇట్టివి ఆ ప్రశ్నలు. పదవది, తనకు తాను హాని చేసికొనవలెనని తలంపు కలిగినదా యని. ఐదు నిమిషముల పని. నేడు అనేక భాషలలోనికి మాఱి లోకమంతట వాడుకలో నున్నది.

ఆ పదవ ప్రశ్న విని చాలమంది జంకుదురు. లేనిపోని తలంపు మనమే పుట్టించినవార మగుదుమేమో యని వారి భయము. అది నిజము కాదని పరిశోధకులు తేల్చిరి. అడిగినందువలన ఆ తలంపు పుట్టదు, ఉన్నచో బయటపడును. దాచుకొన్నదాని బరువు చెప్పుకొన్నప్పుడు తగ్గుట మార్జరీ నాడును నిజమే. ఆనాడు వినవలసినవాడు గద్దించెను గాని.

అడుగనందువలన ఏమి జరుగునో ఆంగ్లదేశపు లెక్కలే చెప్పినవి. అచ్చట 1952 నుండి ప్రతి మాతృమరణమును విచారించు పద్ధతి కలదు. రక్తస్రావము, జ్వరము, గుఱ్ఱపువాతము, వీనిని ఒక్కొక్కటిగ తగ్గించుకొనుచు వచ్చిరి. 2001లో ప్రకటించిన నివేదికలో, కానుపైన ఏడాది లోపల జరిగిన మరణముల నన్నిటిని జనన పత్రములతో సరిపోల్చి చూడగా, ఆత్మహత్య మాతృమరణములకు మొదటి కారణముగ తేలెను. అంతవఱకు ఆ మరణములు ఏ లెక్కలోను ప్రసవమునకు సంబంధించినవిగ చేరలేదు.

మన దేశపు సంగతి గోవాలో తెలిసినది. విక్రమ్ పటేల్ మొదలగు వైద్యులు అచ్చటి యొక జిల్లా ఆసుపత్రిలో 270 మంది గర్భిణులను గుర్తించి, కానుపు తరువాత ఆఱు మొదలు ఎనిమిది వారములకు మరల చూచిరి. నూటికి 23 మంది కుంగుబాటుతో నుండిరి. 2002లో ప్రకటింపబడిన ఆ పరిశోధనమున బీదఱికము, భర్త దౌర్జన్యము కారణములుగ తేలెను; వానితోపాటు, మగబిడ్డ కావలెనని యెదురుచూచిన యింట ఆడబిడ్డ పుట్టుటయు. ప్రసవమైన వెంటనే శరీరమున ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరోన్ అను రసములు ఒక్కపెట్టున దిగిపోవుట సర్వదేశముల స్త్రీలకును సమానము. మంచము ప్రక్కన నిలిచి "మరల ఆడపిల్లయేనా" అనుట మాత్రము శరీరధర్మము కాదు. ఆ మాట పలుకునది పలుమారులు మా వయస్సు వారమే.

మన పురిటి ఆచారములను నేను తక్కువ చేయను. తొలికాన్పు పుట్టింట జరుగుట, నెలల తరబడి పనిభారము లేకుండుట, వేన్నీళ్ళ స్నానము, వేళకు పథ్యము, ఇవి ఏ వైద్యుడును కాదనడు. కాని చీకటిగదిలో, చెవులలో దూది పెట్టుకొని, మాటలాడు దిక్కులేక పడియుండుట విశ్రాంతి యగునా, ఒంటరితనమగునా అనునది ఆ గదిలోని మనుష్యులను బట్టి యుండును. తల్లికి రాత్రి నాలుగు గంటలైన ఎడతెగని నిద్ర దొరకుట ఏ కషాయముకంటెను మేలు.

ఇక వైద్యము. ఎడింబరోలో ఇండ్లకు పోవు ఆరోగ్యకార్యకర్తలు వారమునకొకసారి చొప్పున ఎనిమిది వారములు కుంగిన తల్లుల ప్రక్కన కూర్చుండి, ఉపదేశింపక ఊరక వినగా, నూటికి 69 మంది కోలుకొనిరి. అట్టి సహాయము లేనివారిలో 38 మందియే. ఇది 1989 నాటి మాట. అంతకన్న మనకు దగ్గఱిది పాకిస్థానములోని రావల్పిండి ప్రాంతపు పల్లెలలో జరిగినది. ఆతిఫ్ రహమాన్ అను వైద్యుని బృందము, కొద్దిపాటి చదువు గల పల్లెటూరి ఆరోగ్యకార్యకర్తలకే కొన్ని దినముల శిక్షణ యిచ్చెను. వారు ఇంటికి పోయి జబ్బు పేరెత్తలేదు. బిడ్డ బాగుండవలెనన్నచో తల్లి బాగుండవలెను గదా యని మొదలుపెట్టిరి. అత్తగార్లు అడ్డు చెప్పలేదు. మనుమని మేలు గదా! 40 ప్రాంతములలో 903 మంది తల్లులతో నడపిన ఈ పరిశోధన 2008లో వెలువడెను. ఆఱు నెలలకు సహాయము పొందిన తల్లులలో నూటికి 23 మందియు, పొందనివారిలో 53 మందియు కుంగుబాటుతో మిగిలిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో దానిని పుస్తకముగ వెలువరించెను. మాటతో తీరని జబ్బునకు మాత్రలు కలవు. పాలిచ్చు తల్లికి తగినవి వైద్యుడు నిర్ణయించును. తాయెత్తు కట్టుకొన్నవారు అది కట్టుకొనియే ఆసుపత్రికి పోవచ్చును.

ప్రాణము తీసికొన యత్నించినవారిపై పోలీసు కేసగునను భయముచే మన పల్లెలలో అనేకులు ఆసుపత్రి గడప త్రొక్కలేదు. ఆ భయమునకు ఆధారమగు 309వ సెక్షను 1860 నుండి ఉండెను. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము అట్టివారు తీవ్రమగు మనోవ్యథలో నున్నవారని భావింపవలెనని చెప్పి, చికిత్స చేయించు భారము ప్రభుత్వముపై నుంచెను. ఆ సెక్షనును 2024 జూలై 1న వచ్చిన క్రొత్త న్యాయసంహితలో సామాన్యముగ తొలగించిరి. ఆ 2017 చట్టమే, మూడేండ్ల లోపు బిడ్డను ఆసుపత్రిలోని తల్లినుండి సాధారణముగ వేఱుచేయరాదని గూడ చెప్పినది. 2022 నుండి 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్ళు ఎప్పుడు ఫోను చేసినను, తెలుగుననే మాటలాడి సలహా చెప్పువారున్నారు, ఖర్చు లేదు. పదవ ప్రశ్నకు ఔనని తల్లి చెప్పినచో, ఆ రాత్రి ఆమెను ఒంటరిగ విడువక తోడుండి, తెల్లవాఱు వఱకు ఆగక ఆ సంఖ్యకు చెప్పుడు.

మార్జరీ కథ సగములో విడిచితిని. తాళపుచెవులు చేతికి వచ్చిన తరువాత ఆమె నలుబది యేండ్లకు పైగా బ్రతికెను. మొత్తము పదునాలుగురు బిడ్డలను కనెను. జెరూసలేము, రోము మొదలగు దూరదేశములకు యాత్రలు పోయెను. చదువు రానందున, అఱువది దాటిన వయస్సున, తన జీవితకథను ఇతరులకు చెప్పి వ్రాయించెను. ఆంగ్లభాషలో నేడు దొరకుచున్న స్వీయచరిత్రలలో అదియే మొదటిదని పండితులు చెప్పుదురు. దాని పూర్తిప్రతి కనబడక శతాబ్దములు గడచి, 1934లో ఒక పల్లెటూరి భవనమున బయటపడెను. తీర్థయాత్రలను, దర్శనములను గూర్చి చెప్పుటకు వ్రాయించిన ఆ గ్రంథమును ఆమె తన పుట్టుకతో మొదలుపెట్టలేదు. తొలికానుపు తరువాతి ఆ ఎనిమిది నెలలతో మొదలుపెట్టినది.